మచ్చ లాగుతోందా, ఉబ్బుతోందా, కనబడుతోందా: గాయానికీ మచ్చకూ సరైన ప్లాస్టిక్ సర్జరీ చికిత్సను ఎంచుకోవడం

బైక్ మీద నుంచి పడి చెంప మీద మచ్చ మిగిలిన యువకుడు, పొయ్యి దగ్గర చీర అంటుకుని మోచేతి దగ్గర చర్మం ముడుచుకుపోయిన గృహిణి, చెవి కుట్టించుకున్న చోట గడ్డ పెరిగిన అమ్మాయి, ముగ్గురూ విజయవాడ సూర్యారావుపేటకో గుంటూరు కొత్తపేటకో వచ్చి డాక్టరును అడిగే ప్రశ్న ఒక్కటే: లేజర్ చేయించుకోవాలా, ఆపరేషన్ చేయించుకోవాలా, క్రీముతో సరిపెట్టుకోవచ్చా? ఈ ముగ్గురికీ సరైన చికిత్స ఒకటి కాదు. మొదటి వ్యక్తికి ఏడాది ఓపిక పట్టడమే మేలు కావచ్చు. రెండో వ్యక్తికి ఆలస్యం చేసేకొద్దీ మోచెయ్యి బిగుసుకుపోతుంది. మూడో వ్యక్తి కోయించుకుని ఊరుకుంటే గడ్డ మునుపటికంటే పెద్దదై తిరిగి వచ్చే ప్రమాదం ఉంది. అందువల్ల ఏ యంత్రం మంచిది, ఏ ఆసుపత్రి పెద్దది అని ఆరా తీయడానికి ముందు, ఆ మచ్చ ఏం చేస్తోందో తెలుసుకోవాలి.

## ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

అన్నిటికంటే ముఖ్యమైనది మచ్చ స్వభావం. కొన్ని మచ్చలు లాగుతాయి, అంటే కీలును వంగనివ్వవు, కనురెప్పను మూయనివ్వవు, మెడను తిప్పనివ్వవు. కొన్ని ఉబ్బుతాయి, దురద పెడతాయి, నొప్పి పుట్టిస్తాయి. మరికొన్ని ఏ ఇబ్బందీ పెట్టవు, కేవలం కనబడతాయి. ఒకే మచ్చలో రెండు లక్షణాలు కలిసి ఉండవచ్చు, అయితే ముందుగా దేనికి చికిత్స చేయాలో లాగడం, ఉబ్బడం, కనబడడం అన్న వరుసలోనే తేల్చుకోవాలి.

రెండవది మచ్చ వయసు. గాయం మూసుకున్నంత మాత్రాన చర్మం లోపల పని ఆగిపోదు. మూడు వారాలకు కుట్టిన చోట చర్మం బలం మామూలు చర్మంలో అయిదో వంతు కూడా ఉండకపోవచ్చు, మూడు నెలలకు దాదాపు 80 శాతానికి చేరుతుంది, ఆ తర్వాత ఎంతకాలం గడిచినా పూర్తిగా మునుపటిలా కాదు. రంగు, గట్టిదనం, ఎత్తు మాత్రం ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు మారుతూనే ఉంటాయి. రెండో నెలలో ఎర్రగా, గట్టిగా కనిపించే మచ్చను చూసి బెంగపడి ఆపరేషన్‌కు సిద్ధపడే వారు చాలామంది ఉంటారు. నిజానికి చాలా మచ్చలు అత్యంత వికారంగా కనిపించేది ఆ రోజుల్లోనే.

మూడవది శరీరంలో చోటు. రక్తప్రసరణ ఎక్కువ ఉండే ముఖం త్వరగా, చక్కగా మానుతుంది. ఛాతీ మధ్య భాగం, భుజం, దవడ అంచు, చెవి తమ్మె కీలాయిడ్ (గాయం హద్దు దాటి పాకే గడ్డ మచ్చ) పెరగడానికి అనువైన చోట్లు. నాలుగవది చర్మం రంగు, కుటుంబ చరిత్ర. తెల్లవారి చర్మం మీద లేజర్ ఇచ్చే ఫలితాన్ని మన గోధుమ, చామనఛాయ చర్మం మీద ఆశించకూడదు, ఎందుకంటే వేడి తగిలిన చోట నల్లబడే గుణం మన చర్మానికి ఎక్కువ. చివరిగా, మళ్ళీ మళ్ళీ రాగలరా లేదా అన్నది చూసుకోవాలి. నెలకోసారి చొప్పున ఆరు నెలలు ఇంజెక్షన్‌కు రాలేని కూలీకి ఆ చికిత్స కాగితం మీద ఎంత మంచిదైనా ఉపయోగం లేదు.

## తాజా గాయాన్ని ఎవరి చేత కుట్టించాలి

మచ్చ ఎలా ఉండబోతోందో చాలావరకు నిర్ణయించేది మొదటి రోజే కాబట్టి ముందు దీని గురించి చెప్పుకోవాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి, మధ్యలో తీసి చూడకూడదు. పసుపు, కాఫీ పొడి, సున్నం వంటివి గాయంలో నింపకూడదు. అవి రక్తాన్ని ఆపినట్టు కనిపించినా, ఆసుపత్రిలో వాటిని గోకి తీయడానికే సగం సమయం పడుతుంది, తీయలేని రేణువులు లోపలే ఉండి చీము పట్టిస్తాయి. కాలిన గాయమైతే 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టాలి. మంచు ముక్కలు, టూత్‌పేస్ట్, ఇంకు వాడకూడదు.

ఇక ఎవరి దగ్గరకు వెళ్ళాలన్నది. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర కుట్లు వేయించుకోవడం వెంటనే జరిగిపోయే పని, ఖర్చూ తక్కువ. కానీ అక్కడ గాయాన్ని మత్తు ఇచ్చి లోతుగా కడిగే వీలు ఉండదు, తెగిన నరమో టెండనో (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) ఉందేమో పరీక్షించడం జరగదు. చర్మం మూసేసి పంపిస్తే తెగిన టెండన్ సంగతి వేలు వంగడం లేదని నెల తర్వాత బయటపడుతుంది, అప్పటికి దాన్ని నేరుగా కలపడం కష్టమవుతుంది. కాబట్టి చేతి గాయానికీ ముఖం గాయానికీ అక్కడ కట్టు కట్టించుకుని బయలుదేరడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

దగ్గరలోని ఆసుపత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు లేదా జనరల్ సర్జన్ కుట్టడం చాలా గాయాలకు సరిపోతుంది. నుదురు మీద సూటిగా తెగిన గాటు, తలలో చీలిక, తొడ మీద కోత వంటివాటికి ప్లాస్టిక్ సర్జన్ కోసం గంటల తరబడి వెతకవలసిన అవసరం లేదు. అయితే కొన్ని చోట్లకు మాత్రం వెతకాలి. పెదవి ఎర్రటి భాగం అంచు కుట్టులో ఒక్క మిల్లీమీటరు తప్పినా మాట్లాడే దూరం నుంచి తెలుస్తుంది. కనురెప్ప అంచు, కన్నీటి నాళం ఉండే లోపలి మూల, ముక్కు రెక్క, మృదులాస్థి బయటపడిన చెవి, ముఖాన్ని కదిలించే నరం ఉండే చెంప లోతు, అరచెయ్యి, వేళ్ళు ప్లాస్టిక్ సర్జన్ చూడవలసిన చోట్లు. కనుబొమ్మ తెగినప్పుడు కుట్టడానికి ముందు వెంట్రుకలు గొరగనివ్వకండి. రెండు అంచులను సరిగ్గా కలపడానికి ఆ వెంట్రుకలే గుర్తు.

రాత్రి పదకొండింటికి ప్రమాదం జరిగింది, ప్లాస్టిక్ సర్జన్ పొద్దున వస్తారు, ఆగవచ్చా అన్న సందేహం చాలామందికి వస్తుంది. ముఖం గాయాన్ని బాగా కడిగి, సెలైన్‌తో తడిపిన గాజ్ గుడ్డ కట్టి, యాంటీబయోటిక్ మొదలుపెట్టి ఉంచితే 24 గంటల లోపు కుట్టినా సాధారణంగా బాగానే మానుతుంది. కాళ్ళ గాయాలకు అంత వెసులుబాటు ఉండదు, ఆరు నుంచి పన్నెండు గంటలు దాటేకొద్దీ చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది.

16వ నంబరు జాతీయ రహదారి మీద బైక్ జారిపడి చర్మం రాసుకుపోయిన గాయాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చూడటానికి పైపై గీతల్లాగే ఉంటాయి, ఎవరూ కుట్లు అవసరమనరు, అయోడిన్ రాసి పంపేస్తారు. కానీ దగ్గర నుంచి చూస్తే చర్మంలో తారు, ఇసుక, రబ్బరు రేణువులు నల్లని చుక్కలుగా దిగి ఉంటాయి. మొదటి ఒకటి రెండు రోజుల్లో మత్తు ఇచ్చి మెత్తని బ్రష్‌తో, సెలైన్‌తో రుద్ది వాటిని తీసెయ్యాలి. ఆ అవకాశం దాటిపోతే పైన చర్మం కప్పేసి, పచ్చబొట్టులాగా శాశ్వతంగా నీలి నలుపు మరకలు మిగిలిపోతాయి. తర్వాత వాటిని తీయడానికి లేజర్ సిట్టింగులు ఎన్నో పడతాయి, అయినా పూర్తిగా పోవు. ఈ గాయానికి ఎవరు కుట్టారన్నది కాదు, ఎవరు ఓపికగా కడిగారన్నదే ముఖ్యం. కడగడానికి మత్తు ఇస్తారా అని క్యాజువాలిటీలోనే అడగండి.

మోటారు సైకిల్ వెనుక కూర్చున్న పిల్లల మడమ చక్రం ఊచల్లో పడే ప్రమాదం మన ఊళ్ళలో తరచూ జరిగేదే. మడమ వెనుక చర్మం చిన్న తలుపులాగా లేచి ఉంటుంది, దాన్ని వెనక్కి పెట్టి నాలుగు కుట్లు వేస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ ఆ చర్మం తెగినది కాదు, నలిగినది. మూడో రోజుకు అంచు ముదురు ఊదారంగుకు తిరిగి, వారానికి నల్లటి అట్టగా మారుతుంది, దాని కింద మడమ టెండన్ బయటపడవచ్చు. అందుకని కుట్టినవారు ఎవరైనా, రెండు మూడు రోజులకోసారి కట్టు విప్పి చూపించుకోవాలి. కుట్లు తీసే రోజుదాకా ఆగకూడదు.

కుక్క కరిచిన గాయాన్ని మొదట సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు ధారగా కడగాలి. రేబిస్‌ను అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ గాయం చుట్టూ ఎక్కించకుండా కుట్లు వేయకూడదు. వీలైనంత వరకు కుట్టకుండా ఉంచడమే పద్ధతి, ముఖం మీద తప్పనిసరైతే ఆ ఇంజెక్షన్ తర్వాత వదులుగా రెండు మూడు కుట్లు వేస్తారు. ఇక్కడ అందం రెండో మాట.

చెరకు రసం మిషన్‌లోనో, ఆటోనగర్ వర్క్‌షాప్‌లోనో వేలు తెగిపోతే ఆ ముక్కను సెలైన్‌తో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరును మంచు ఉన్న మరో డబ్బాలో పెట్టి తీసుకెళ్ళాలి. ముక్కను నేరుగా మంచులో వేస్తే కణాలు చచ్చిపోతాయి. సరిగా చల్లబరిచిన వేలిని 12 గంటల తర్వాత కూడా అతికించిన సందర్భాలు ఉంటాయి, చల్లబరచకపోతే ఆరు గంటలకే ఆశ సన్నగిల్లుతుంది. మైక్రోస్కోప్ కింద రక్తనాళాలు కలిపే సర్జన్ ఉన్నారా అని ముందే ఫోన్ చేసి కనుక్కుని బయలుదేరండి. ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి తిరగడంలో పోయే సమయం తిరిగి రాదు.

## గాయాన్ని మూసే పద్ధతులు

అంచులు దగ్గరకు వస్తే కుట్లు, రాకపోతే చర్మం అతకడం (గ్రాఫ్ట్), ఎముకో టెండనో బయటపడితే ఫ్లాప్, అంటే రక్తనాళంతో సహా తెచ్చి కప్పే కండ. స్థూలంగా ఇంతే. ఇందులో రోగి ఎంచుకోగలిగింది కొద్దిగానే ఉన్నా, డాక్టరు ఏది ఎందుకు చెబుతున్నారో తెలిస్తే భయం తగ్గుతుంది.

చిన్నపిల్లల నుదుటి మీద పొడిగా, సూటిగా ఉన్న చిన్న గాటుకు సూది లేకుండా ఆసుపత్రిలో గాయాలకు వాడే గమ్‌తో అంటించే పద్ధతి బాగుంటుంది. పెదవికీ, కీళ్ళ మీదకూ, కరిచిన గాయాలకూ అది పనికిరాదు. కుట్లు వేసినప్పుడు లోపలి పొరలో కరిగిపోయే దారంతో బిగువు తీసి, పైన సన్నని దారంతో వదులుగా వేస్తేనే గీత సన్నగా ఉంటుంది. ముఖం మీద కుట్లు 5 నుంచి 7 రోజుల్లో తీసెయ్యాలి, ఆలస్యం చేస్తే గీతకు రెండు వైపులా చుక్కలు మిగులుతాయి. కాళ్ళ మీద, కీళ్ళ మీద 10 నుంచి 14 రోజులు ఉంచాలి, తొందరపడితే విచ్చుకుంటుంది. ముఖం కుట్లు తీయించుకోవడానికి వచ్చే ఆదివారం వరకు ఆగుదామనుకోవడం మచ్చను చేజేతులా పెంచుకోవడమే.

చర్మం అతకడంలో రెండు రకాలున్నాయి. తొడ నుంచి పలచగా తీసే పొర ఎంత పెద్ద గాయానికైనా సరిపోతుంది, సులువుగా అతుక్కుంటుంది, కానీ తర్వాత ముడుచుకుంటుంది, రంగు కలవదు. చెవి వెనుక నుంచో గజ్జల నుంచో పూర్తి మందంతో తీసే చర్మం తక్కువగా ముడుచుకుంటుంది, అందుకే ముఖానికీ వేళ్ళకూ దాన్నే వాడతారు. అయితే దొరికేది కొద్ది ముక్కే. మోకాలి కింద ఎముక బయటపడిన చోట గ్రాఫ్ట్ అతుక్కోదు, తన రక్తనాళంతో సహా తెచ్చి కప్పే ఫ్లాప్ కావాలి. అది పెద్ద ఆపరేషన్, గంటలు పడుతుంది. అయినా డ్రెస్సింగులతో వారాలు గడిపి ఎముకకు చీము పట్టించుకోవడం కంటే మొదటి కొద్ది రోజుల్లో ఫ్లాప్ వేయించుకోవడమే కాలును కాపాడుతుంది. బీడీ, సిగరెట్, గుట్కా అలవాటు ఉంటే ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు మానెయ్యాలి, అత్యవసరమైతే ఆ క్షణం నుంచే మానాలి. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడిచి ఫ్లాప్‌ను నల్లబరుస్తుంది.

## కుట్లు తీసిన తర్వాతి మూడు నెలలు

అందరికీ అందుబాటులో ఉండి, ఎవరూ పట్టించుకోని చికిత్స ఇది. మందుల దుకాణంలో దొరికే కాగితం టేపును మచ్చ పొడవునా అంటించి, నాలుగైదు రోజులకోసారి ఊడినప్పుడు మారుస్తూ మూడు నెలలు ఉంచితే బిగువు తగ్గి గీత వెడల్పు కాకుండా, ఉబ్బకుండా ఉంటుంది. ఖరీదైన ఉల్లి రసం క్రీములకూ, విటమిన్ ఇ నూనెకూ ఇంత ఆధారం లేదు. పైగా విటమిన్ ఇ కొందరికి దద్దురు తెప్పిస్తుంది.

ఉబ్బే లక్షణం ఉన్నవారికి సిలికాన్ మంచిది. షీటుగానూ జెల్‌గానూ దొరుకుతుంది. రోజుకు కనీసం 12 గంటల చొప్పున రెండు మూడు నెలలైనా వాడితేనే ఫలితం. చల్లని దేశాల్లో షీటునే ముందు చెబుతారు, కానీ విజయవాడ ఎండల్లో దాని కింద చెమట నిలిచి పొక్కులు వస్తాయి. మార్చి నుంచి జూన్ వరకు పగలు జెల్, రాత్రి ఫ్యాన్ కింద షీటు వాడుకోవడం మన వాతావరణానికి కుదిరే పద్ధతి. గాయం పూర్తిగా మూసుకున్నాక, మూడో వారం నుంచి కొబ్బరి నూనెతో రోజుకు రెండుసార్లు పది నిమిషాలు మర్దన చెయ్యవచ్చు. ఎండ తగలనివ్వకండి. కొత్త మచ్చ మీద ఎండ పడితే వచ్చే నలుపు మచ్చ కంటే మొండిది.

## మచ్చ ముదిరిన తర్వాత

లాగే మచ్చకు మార్గం ఆపరేషనే. మోచెయ్యి, మెడ, చంక, వేళ్ళ మధ్య తాడులా బిగిసిన మచ్చను క్రీము గానీ లేజర్ గానీ వదులు చెయ్యదు. సన్నని తాడైతే జెడ్ ఆకారంలో కోసి చర్మపు త్రికోణాలను అటూ ఇటూ మార్చి కుడతారు. 60 డిగ్రీల కోణంతో చేసే జెడ్ ప్లాస్టీలో ఆ వరసలో పొడవు లెక్క ప్రకారం 75 శాతం వరకు పెరుగుతుంది. వెడల్పైన మచ్చైతే కోసి విడదీసి గ్రాఫ్టో ఫ్లాపో వెయ్యాలి. ఆ తర్వాత నెలల తరబడి స్ప్లింట్ (కీలును చాచి ఉంచే పట్టీ), ఫిజియోథెరపీ తప్పవు. వాటికి సిద్ధపడని వారికి ఆపరేషన్ చేసినా చర్మం మళ్ళీ ముడుచుకుంటుంది. ఏడాది ఆగాలన్న నియమం ఇక్కడ అన్నివేళలా వర్తించదు. కనురెప్ప మూతపడక కంటి నల్లగుడ్డు ఎండిపోతున్నా, నోరు తెరుచుకోకపోయినా, ఎదిగే పిల్లల వేలు వంకరపోతున్నా వెంటనే చూపించుకోవాలి. ఎముక పెరుగుతుంది, మచ్చ పెరగదు.

ఉబ్బే మచ్చల విషయంలోనే ఎక్కువమంది మోసపోతారు, కాబట్టి కాస్త ఓపికగా చదవండి. ఉబ్బిన మచ్చ గాయం హద్దులోనే ఉంటే దాన్ని హైపర్‌ట్రోఫిక్ మచ్చ అంటారు. ఇది గాయమైన ఒకటి రెండు నెలల్లో లేచి, ఏడాది రెండేళ్ళలో దానంతటదే కొంత అణగవచ్చు. గాయం హద్దు దాటి పక్కనున్న మంచి చర్మంలోకి పాకితే అది కీలాయిడ్. నెలల తర్వాత మొదలుకావచ్చు, దానంతటది తగ్గదు. గాయం రోజు తీసిన ఫోటో ఉంటే తేడా సులువుగా తెలుస్తుంది.

రెండింటికీ మొదటి చికిత్స ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్. మూడు నుంచి ఆరు వారాలకోసారి గడ్డలోకే ఎక్కిస్తారు, నొప్పిగా ఉంటుంది, నాలుగైదు సార్లు పడవచ్చు. మందు ఖరీదు తక్కువే. మోతాదు మించితే చర్మం పల్చబడి గుంట పడుతుంది, చుట్టూ తెల్లబడుతుంది. మన రంగు మీద ఆ తెలుపు స్పష్టంగా కనిపిస్తుంది, చాలావరకు నెలల్లో తిరిగి కలుస్తుంది. ఒక్క స్టెరాయిడ్‌కు లొంగని కీలాయిడ్‌కు 5-ఎఫ్‌యూ అనే మరో మందు కలిపి ఇవ్వడం, అతి చలితో మచ్చను గడ్డకట్టించే క్రయోథెరపీ చేయడం ఉన్నాయి. కీలాయిడ్‌ను కోసి ఊరుకుంటే సగం మందికి, కొన్ని చోట్ల అంతకంటే చాలా ఎక్కువ మందికి తిరిగి వస్తుంది. కాబట్టి కోసే సర్జన్ తర్వాత ఏం చేస్తారో ముందే చెప్పాలి. ఇంజెక్షన్లా, చెవికైతే నొక్కి ఉంచే క్లిప్పు కమ్మలా, లేక ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లో మొదలుపెట్టే రేడియేషనా? రేడియేషన్ పెద్దవారిలో మొండి కీలాయిడ్లకు బాగా పనిచేస్తుంది, పిల్లలకూ గర్భిణులకూ ఇవ్వరు. "కోసేస్తే పోతుంది" అని మాత్రమే చెప్పి, తర్వాతి సంగతి చెప్పని చోట ఒప్పుకోకండి.

కేవలం కనబడే మచ్చలకు ఎంపికలు ఎక్కువ, తొందర తక్కువ. ఏడాది గడిచాక ఇంకా వెడల్పుగా, ముఖపు సహజ ముడతలకు అడ్డంగా ఉంటే కోసి కొత్తగా కుట్టడం మంచి ఫలితమిస్తుంది. గుంటలుగా ఉన్నవాటికి సన్నని సూదులతో గుచ్చే మైక్రోనీడ్లింగ్, కొవ్వు ఎక్కించడం, ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ ఉన్నాయి. లేజర్ మచ్చను మెత్తబరుస్తుంది, తుడిచెయ్యదు. మన చర్మానికి తక్కువ శక్తితో, ఎక్కువ వ్యవధితో, ముందు చిన్న చోట పరీక్షించి చేయించుకోవడమే క్షేమం. మే నెలలో మొదలుపెట్టకుండా చలికాలానికి వాయిదా వేసుకోమని నా సలహా.

| చికిత్స | ఎక్కువగా పనికొచ్చే మచ్చ | పట్టే కాలం | ముందే తెలుసుకోవలసిన ఇబ్బంది |
|---|---|---|---|
| కాగితం టేపు | కొత్త గీత మచ్చ | 3 నెలలు | చెమటకు ఊడుతుంది, కొందరికి దురద |
| సిలికాన్ జెల్, షీటు | ఉబ్బబోయే, ఉబ్బుతున్న మచ్చ | 2 నుంచి 6 నెలలు | రోజూ 12 గంటలు వాడాలి, షీటు కింద చెమట పొక్కులు |
| ప్రెషర్ గార్మెంట్ (మచ్చను నొక్కి ఉంచే బిగుతు దుస్తులు) | విస్తారమైన కాలిన మచ్చలు | 6 నుంచి 12 నెలలు, రోజుకు 23 గంటలు | ఎండాకాలంలో ఓర్చుకోవడం కష్టం, వదులైతే మార్చాలి |
| ట్రయామ్సినలోన్ ఇంజెక్షన్ | ఉబ్బిన మచ్చ, కీలాయిడ్ | 3 నుంచి 6 వారాలకోసారి, కొన్ని నెలలు | నొప్పి, గుంట, తెల్లబడటం |
| ఆపరేషన్, తర్వాత రేడియేషన్ | మొండి కీలాయిడ్ | ఆపరేషన్, వెనువెంటనే కొద్ది సిట్టింగులు | పిల్లలకూ గర్భిణులకూ కుదరదు |
| జెడ్ ప్లాస్టీ, గ్రాఫ్ట్, ఫ్లాప్ | లాగే మచ్చ | ఆపరేషన్, నెలల స్ప్లింట్ | ఫిజియోథెరపీ మానితే తిరిగి ముడుచుకుంటుంది |
| ఫ్రాక్షనల్ లేజర్ | గుంటలు, గరుకుదనం, ముదిరిన కాలిన మచ్చ | నెల, రెండు నెలలకోసారి, పలుమార్లు | నల్లబడే ప్రమాదం, పూర్తిగా పోదు |

## ఎవరికి ఏది

మూడు నెలల్లో పెళ్ళి ఉన్న అమ్మాయికి లేజర్ గానీ ఆపరేషన్ గానీ చెప్పను. ఏ చికిత్స చేసినా మొదటి మూడు నెలలు మచ్చ మునుపటికంటే ఎర్రగా, నల్లగా కనిపిస్తుంది. సిలికాన్, సన్‌స్క్రీన్, ఆ రోజుకు మేకప్, తర్వాత తీరిగ్గా చికిత్స అన్నదే ఆమెకు మేలు చేసే వరస. పెళ్ళివారు ఒత్తిడి చేస్తున్నా ఈ మాట మీద నిలబడాలి.

మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషికి భుజం మీద కీలాయిడ్ ఉంటే, బరువు అదే చోట రాసుకుంటున్నంతకాలం ఏ చికిత్సా నిలవదు. పని మార్చుకోలేరు కాబట్టి కోయించుకోవడం కంటే ఇంజెక్షన్లతో దురద, నొప్పి తగ్గించుకుని భుజం మీద మెత్త వేసుకోవడమే ఆచరణలో సాధ్యం.

పసిపిల్లలకు ముఖం మీద చిన్న మచ్చ ఉంటే, బడికి వెళ్ళే వయసు వరకు ఆగడం వల్ల సాధారణంగా నష్టం లేదు. వాడికి అర్థమయ్యే వయసు వచ్చాక చేస్తే డ్రెస్సింగ్ కూడా కాపాడుకుంటాడు. కానీ తోటి పిల్లలు వెక్కిరించడం వల్ల బడికి వెళ్ళనంటుంటే అది కూడా ఆపరేషన్‌కు తగిన కారణమే. డాక్టరు చిన్న మచ్చే కదా అని కొట్టిపారేస్తే మరొకరిని సంప్రదించండి. కుటుంబంలో కీలాయిడ్ చరిత్ర ఉంటే ఆడపిల్లకు అదనంగా చెవి పైభాగాన కుట్టించడం మానుకోండి. షుగర్ ఉన్నవారు మచ్చ ఆపరేషన్‌కు తేదీ ఖాయం చేసుకునే ముందు షుగర్ అదుపులోకి తెచ్చుకోవాలి.

## డాక్టరు, ఖర్చు, కాగితాలు

ప్లాస్టిక్ సర్జన్ అంటే ఎంబీబీఎస్, జనరల్ సర్జరీ తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ చేసినవారు. ఇంజెక్షన్లు, లేజర్ చర్మవ్యాధుల ఎండీ చేసిన డాక్టర్లు చక్కగా చేస్తారు, దవడ ఎముక విరిగితే మ్యాగ్జిలోఫేషియల్ సర్జన్ కావాలి. కాస్మెటాలజీలో కొద్ది నెలల కోర్సు చేసినవారు కత్తి పట్టుకోవడం మాత్రం ఒప్పుకోకూడదు. ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ప్రిస్క్రిప్షన్ మీదే ఉండాలి. మన రంగు చర్మం మీద తాము చేసిన కేసుల ఫోటోలు, అందులో ఏడాది తర్వాత తీసినవి చూపించమని అడగడం మర్యాద తప్పడం కాదు.

ప్రైవేటులో ఖర్చు భరించలేనివారికి గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్), మంగళగిరి ఎయిమ్స్ ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు ఉన్నాయి. ఓపీలో నిరీక్షణ ఎక్కువ, ఆపరేషన్ తేదీ దూరం కావచ్చు. అయినా కాలిన చర్మం ముడుచుకుపోవడం, గ్రాఫ్టులు, ఫ్లాపుల వంటి కష్టమైన కేసులు బోధనాసుపత్రుల్లో నిత్యం చూసేవే. కేవలం కనబడే మచ్చకు అక్కడ అంత ప్రాధాన్యం దొరక్కపోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కింద కాలిన గాయాలకూ, వాటి తర్వాత ముడుచుకుపోయిన చర్మానికీ ఆపరేషన్లు వర్తిస్తాయి, అందం కోసం చేసేవి వర్తించవు. మీ కేసు ఏ కోవలోకి వస్తుందో నెట్‌వర్క్ ఆసుపత్రి హెల్ప్‌డెస్క్‌లో ఆపరేషన్‌కు ముందే అడగండి. రోడ్డు ప్రమాదమైతే 2025 మేలో వచ్చిన కేంద్ర నగదు రహిత చికిత్స పథకం కింద, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, గుర్తించిన ఆసుపత్రుల్లో 1.5 లక్షల రూపాయల దాకా చికిత్స పొందవచ్చు.

ఆరోగ్య బీమా పాలసీల్లో ప్లాస్టిక్ సర్జరీ మినహాయింపు అన్న మాట చూసి చాలామంది క్లెయిమ్ చేయడమే మానేస్తారు. ఆ నిబంధనలోనే ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి మినహాయింపు వర్తించదని ఉంటుంది. కాబట్టి మొదటి రోజు క్యాజువాలిటీలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) నమోదు చేయించి నంబరు రాసుకోండి, కడగడానికి ముందూ కుట్టిన తర్వాతా ఫోటోలు తీసి తేదీతో దాచండి, డిశ్చార్జి సమ్మరీలో గాయం కారణం స్పష్టంగా ఉందో లేదో ఇంటికి బయలుదేరే ముందే చదువుకోండి. ఏడాది తర్వాత ముడుచుకుపోయిన మచ్చకు ఆపరేషన్ అవసరమైతే, "మెడ తిరగడం లేదు", "రెప్ప మూతపడటం లేదు" అన్న పనితీరు లోపాన్ని డిగ్రీల్లో, మిల్లీమీటర్లలో కొలిచి రాయమని సర్జన్‌ను కోరండి. ఆ కాగితంతో బీమా సంస్థకు ముందస్తు అనుమతి కోసం పంపి, జవాబు రాతపూర్వకంగా వచ్చాకే అడ్మిషన్ తేదీ వేయించుకోండి.